చేపల మార్కెట్టుకు క్షమాపణ

ఒంగోలు చుట్టుపక్కల బడుల్లో 30 ఏళ్లు పాఠాలు చెప్పాను. అందులో సగం కాలం "ఇది తరగతా, చేపల మార్కెట్టా?" అని అరవడానికే సరిపోయింది. పదవీ విరమణ తర్వాత ఒక తెల్లవారుజామున కొత్తపట్నం తీరానికి వెళ్లి చేపల వేలం చూశాను. అక్కడ ఒక్క మాట వృథా పోదు. ఒకరు ధర అంటారు, ఇంకొకరు పెంచుతారు, గంప లేచిపోతుంది. వేలం పాటగాడు చెప్పింది వెనక నిలబడ్డవాడికి కూడా మొదటిసారే అర్థమవుతుంది. నా పాఠానికి ఆ భాగ్యం ఏనాడూ దక్కలేదు. కాబట్టి ఆ పోలికను బహిరంగంగా ఉపసంహరించుకుంటున్నాను.

క్రమశిక్షణకు మా తరం చేసిన మహత్తర సేవ క్లాసు లీడరు. మాస్టారు గడప దాటగానే వాడు సుద్దముక్క అందుకుని బోర్డు మీద 'మాట్లాడినవారు' అని రాస్తాడు. పేరు పక్కన ఒక ఇంటూ. "నేను మాట్లాడలేదురా" అని మొరపెట్టుకుంటే, మాట్లాడినందుకు ఇంకో ఇంటూ. అప్పీలు చేసుకోవడమే నేరమైన న్యాయస్థానం మరొకటి నాకు తెలియదు. చిన్న తరగతుల్లో అయితే మార్కాపురం పలకే కోర్టు రికార్డు; ఉమ్మి రాసి తుడిస్తే కేసు కొట్టేసినట్టే. నాలుగు రేగిపళ్లు చేతులు మారితే పలక తడుస్తుందని నాకు తెలుసు. తెలిసీ ఊరుకున్నాను. పరిపాలన పాఠం నాకన్నా వాళ్లే బాగా చెప్పుకుంటున్నారు మరి. గదిలో అందరికన్నా పెద్ద గొంతు లీడరుదే. వాడి పేరు మాత్రం ఎన్నడూ బోర్డెక్కలేదు.

2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ మా చేతిలో బెత్తాన్నీ, నోటిలో తిట్టునూ లాగేసుకుంది. మంచిదే, బెత్తం తిన్నవాళ్లు కూడా మాట్లాడటం మానలేదు. అదే చట్టం ప్రాథమిక బడిలో 60 మంది పిల్లల దాకా ఇద్దరు టీచర్లు అంది. తరగతులేమో అయిదు. అంటే ఏ క్షణంలో చూసినా కనీసం మూడు తరగతుల పిల్లలు ఎవరూ చెప్పని పాఠాన్ని నోటి మీద వేలేసుకుని శ్రద్ధగా వినాలి. ఆ ఇద్దరిలో ఒకరు మధ్యాహ్న భోజనం ఫొటో ఎక్కించే పనిలో ఉంటే, నాలుగు.

ఇలా ఏడాది పొడవునా నోరు నొక్కి, ఆగస్టు 15 రాగానే వక్తృత్వ పోటీ పెట్టి "భయపడకుండా మాట్లాడు" అంటాం. నేను రిటైరైన ఏడాది బల్ల ముందుకు వచ్చినవాళ్లు వచ్చినట్టే బిగుసుకుపోయారు. ఒక్క అమ్మాయి మాత్రం గడగడా మాట్లాడి బహుమతి పట్టుకుపోయింది. ముందురోజు బోర్డు మీద ఆమెకు ఏడు ఇంటూలు. స్టీలు గ్లాసు అందుకుని వరసలోకి వచ్చి, పక్కపిల్ల చెవిలో ఏదో అంది. లీడరు రాసుకున్నాడు.