చదరపు అడుగు లెక్కతో పై అంతస్తు ఖర్చు తేలదు
పాత ఇంటిపై ఖరీదైన అంతస్తు వేసుకునేవారు చదరపు అడుగు ధరకు 10 శాతం అదనంగా కలుపుకుంటే సరిపోతుందని ఒక వ్యాసంలో చదివాను; ఆ వ్యాసకర్త అభిప్రాయంతో నేను ఏకీభవించలేను. ఖాళీ స్థలంలో కట్టే ఇంటికి ఆ లెక్క కొంతవరకు నప్పవచ్చు గానీ, ఉన్న ఇంటిపై కట్టేటప్పుడు ఖర్చు కంటికి కనబడని చోట, అంటే పునాదిలోనూ పిల్లర్లలోనూ మొదలవుతుంది. హైదరాబాదులో మా ఇంటిపై అంతస్తు వేయదలచినప్పుడు స్ట్రక్చరల్ ఇంజినీరు రీబౌండ్ హ్యామర్ అనే, తాకించి చూసే పరికరంతో కాంక్రీటు గట్టిదనాన్ని పరీక్షించి, ఒక పిల్లరు పక్కన పునాది దాకా తవ్వించి చూసి, కొన్ని పిల్లర్లకు చుట్టూ కొత్త ఇనుము కట్టి కాంక్రీటు పోసే జాకెటింగ్ చేయాలని తేల్చారు. కాంట్రాక్టరు ఇచ్చిన కొటేషన్‌లో ఆ పద్దే లేదు. ఇటాలియన్ మార్బుల్ సంగతీ అంతే: షాపువారు చెప్పేది రాయి ధర మాత్రమే, చారలు కలిసేలా కోసి పరిచేటప్పుడు పోయే తరుగు, పగుళ్లకు పట్టించే ఎపాక్సీ జిగురు, చివరి పాలిష్ వేరుగా పడతాయి. లిఫ్టు, పెరిగే కరెంటు లోడు, సామగ్రితో కలిపి ఇచ్చే కాంట్రాక్టుపై 18 శాతం జీఎస్టీ కూడా ముందే రాసుకోవలసినవే. ఇంజినీరు నివేదిక చేతికి వచ్చాకే మార్బుల్ షాపు గడప తొక్కాలని, అప్పుడు కూడా పాత ఇంటి విషయంలో అంచనా ఖర్చుపై కనీసం 20 శాతం విడిగా ఉంచుకోవాలని నా గట్టి అభిప్రాయం.