రెప్ప వేయకండి, మీరు మానవాళి

ప్రపంచంలో మతాల మధ్య గొడవలకు మూలం మనుషులు మాట్లాడటమేనని నా గట్టి అభిప్రాయం. నోరు తెరిచిన ప్రతి భక్తుడూ ఏదో ఒక పాడుమాట అంటాడు. ఉపవాసం గురించి అడిగితే గ్యాస్ ట్రబుల్ గురించి చెబుతాడు. మొక్కు ఏమిటంటే అల్లుడి వీసా అంటాడు. ఇంత అపవిత్రమైన సమాచారం పెట్టుకుని మానవ విశ్వాసాల మీద సినిమా తీయడం ఎవరి వల్లా కాదు.

ఈ చిక్కును విప్పినందుకు రాన్ ఫ్రిక్ అనే అమెరికన్ దర్శకుడికి మనమంతా రుణపడి ఉన్నాం. 1992లో వచ్చిన ఆయన డాక్యుమెంటరీ 'బరాకా'లో కాశీ ఉంది, మక్కా ఉంది, జెరూసలేం, బాలి, టోక్యో ఉన్నాయి. ఇరవైకి పైగా దేశాల్లో 70 ఎంఎం ఫిల్ము మీద తీశారు. గంటన్నరకు పైగా నడుస్తుంది. అందులో సంభాషణ లేదు, వ్యాఖ్యానం లేదు, ఇది ఫలానా ఊరు అని చెప్పే అక్షరం ముక్క కూడా తెర మీద పడదు. ఉన్నదల్లా సంగీతం. ఎవరి నమ్మకం ఎలాంటిదో, ఎవరిని చూసి చేతులెత్తి మొక్కాలో, ఎవరిని చూసి అయ్యో అనాలో అదే చూసుకుంటుంది.

తెలుగువాళ్లకు ఇది కొత్త విద్యేమీ కాదు. హీరో కారు డోరు తీసి కాలు కింద పెట్టేలోపే బీజీఎం విని, ఆ రీలులో ఎంతమంది గాల్లోకి లేస్తారో చెప్పగల జాతి మనది. ఫ్రిక్ గారు హీరోని తీసేసి ఆ చోట మానవాళిని పెట్టారు, అంతే.

నియమాలు సులువు. ఒంటి మీద రంగు, మెడలో పూసలు ఉన్నవాళ్లకు నిదానమైన షాట్లు. చేతిలో బ్రీఫ్‌కేసు ఉన్నవాళ్లకు ఫాస్ట్ మోషను, డ్రమ్ములు. టోక్యో స్టేషన్లో జనం బిలబిలమంటూ పోతుంటారు. మధ్యమధ్యలో హేచరీలో బెల్టు మీద దొర్లిపోయే కోడిపిల్లల్ని చూపిస్తారు. భావం అందనివాళ్ల కోసం మళ్లీ జనాన్ని, మళ్లీ కోడిపిల్లల్ని చూపిస్తారు. ఆ పరుగెత్తేవాళ్లలో ఒకాయన ఆఫీసుకు సెలవు పెట్టి గుడికి పోతుండవచ్చు. కుదరదు. సూటు వేసుకున్నాక ఆధ్యాత్మికతకు అర్హత పోయినట్టే.

కాశీకి మాత్రం పూర్తి మర్యాద దక్కింది. మెట్లు, పొగ, నీళ్లు, మౌనం. నిజం కాశీలో మౌనం ఎక్కడ దొరికిందో నాకు అంతుపట్టలేదు. మణికర్ణికలో కట్టెలు కాటా వేసి అమ్ముతారు, శవం పక్కనుండగానే బేరం నడుస్తుంది. నాలుగడుగుల అవతల కోనసీమ నుంచి వచ్చిన పెద్దమ్మ ఎవరో "ఏవండీ, సత్రంలో భోజనం టోకెన్లు ముందే తీసుకోవాలట, కదలండి" అంటూ ఉంటుంది. తెలుగు వినపడని ఘాట్ కాశీలో ఒక్కటి చూపించండి చూద్దాం. ఆవిడ గొంతు తీసేస్తే తప్ప అక్కడ మోక్షం కనపడదని దర్శకుడు సరిగ్గానే గ్రహించాడు.

అసలు ఘట్టం బాలి ద్వీపంలోది. గళ్ల పంచెలు కట్టిన మగవాళ్లు చుట్టూ వలయాలుగా కూర్చుని, చేతులు పైకెత్తి "చక్ చక్ చక్" అంటూ ఊగిపోతుంటారు. వాయిద్యం ఒక్కటీ లేదు. కెచక్ అంటారు దాన్ని. వాళ్లు రాముడి పక్షాన వచ్చిన వానరసేన. చూస్తుంటే ఒళ్లు గగుర్పొడుస్తుంది, ఇందులో వ్యంగ్యం లేదు. త్రేతాయుగం నుంచి ఇలాగే చేస్తున్నారని కళ్లు ఒప్పేసుకుంటాయి.

ఈ నృత్యరూపం దాదాపు మన టాకీ సినిమా ఈడుది. బాలిలో సాంగ్యాంగ్ అనే పూనకపు క్రతువు ఉండేది. 1930ల్లో వాల్టర్ స్పీస్ అనే జర్మన్ చిత్రకారుడు, వాయన్ లింబక్ అనే బాలి నర్తకుడు అందులోని మగవాళ్ల కోరస్‌ను విడిగా తీసి, రామాయణ కథకు కలిపి, విదేశీ టూరిస్టులు చూసేలా ప్రదర్శన చేశారు. ఆ తర్వాత బాలి వాళ్లు దాన్ని తమది చేసుకున్నారు. నన్నడిగితే ఆ కథ ఇంకా బాగుంది. పూనకం ప్రదర్శనగా మారడం, టికెట్ కొన్నవాడి కోసం మొదలైంది ఊరి పరువుగా నిలవడం. నమ్మకం అనేది ఇలాగే పుడుతుందేమో కూడా. కానీ ఇదంతా చెప్పాలంటే ఎవరో ఒకరు మాట్లాడాలి. మాట్లాడితే 'ప్రాచీనం' పోతుంది. కాబట్టి వద్దు.

పేదరికం విషయంలో ఈ పద్ధతి మరీ నాజూకుగా పనిచేస్తుంది. కలకత్తా చెత్తకుప్పల మీద ఆడవాళ్లు, పిల్లలు ఏరుకుంటూ కనపడతారు. వెనక డెడ్ కెన్ డాన్స్ బృందం పాట, లీసా జెరార్డ్ గొంతు. గుండె పిండేస్తుంది. ఆవిడది ఆస్ట్రేలియా. పాడుతున్నది ఏ దేశంలోనూ ఏ భాషా కాదు, మాటల్లేని ఆలాపన. కుప్ప మీద ఉన్నవాళ్లకు మాత్రం శుభ్రమైన భాష ఉంది. కిలో ప్లాస్టిక్ ఎంతకు పోతుందో, కొనేవాడు తూకంలో ఎంత నొక్కుతాడో అందులో చెప్పగలరు. అలాంటి వివరాలు వింటే ప్రేక్షకుడికి కన్నీళ్లు ఆగిపోయి కోపం మొదలయ్యే ప్రమాదం ఉంది.

2011లో వచ్చిన 'సంసార'లో ఫ్రిక్ గారు ఇంకో మెట్టు ఎక్కారు. దాన్ని ముందు నిశ్శబ్దంగానే ఎడిట్ చేసి, సంగీతం తర్వాత చేయించారు. ఇండోనేషియాలో ఇజెన్ అగ్నిపర్వతం మీద గంధకం మోసే కూలీలు అందులో ఉన్నారు. ఒక్కొక్కరి భుజం మీద 70 నుంచి 90 కిలోలు. ఆ బరువు మోసినప్పుడు మనిషికి ఏమనిపిస్తుందో వాళ్లకు తెలిసినట్టు లేదు, స్టూడియోలో కీబోర్డు ముందు కూర్చున్నాక తేలింది.

అదే సినిమాలో వేయి చేతుల దేవత నృత్యం ఉంది. చైనా కళాకారులు బంగారు దుస్తుల్లో ఒకరి వెనక ఒకరు నిలబడి చేతులు విప్పుతుంటే ఒకే దేహానికి వందల చేతులు మొలిచినట్టుంటుంది. లయ ఎక్కడా తప్పదు. వాళ్లు చైనా దివ్యాంగుల కళాబృందం. ఆ నృత్యం చేసేవాళ్లకు వినపడదు. వేదిక మూలల్లో నిలబడ్డ టీచర్ల చేతి సైగలు చూసి లయ పట్టుకుంటారు. సంగీతంతో నడిచే సినిమాలో సంగీతం లేకుండా నడిచినవాళ్లు వీళ్లే. ఈ ముక్క సినిమాలో ఎక్కడా చెప్పరు. చెబితే అంతవరకూ మనల్ని నడిపించిన సంగీతానికి చిన్నతనం.

'బరాకా' నెగెటివ్‌ను తర్వాత 8కె అనే అతి స్పష్టమైన స్థాయిలో స్కానింగ్ చేసి బ్లూ రే వేశారు. ఇప్పుడు ప్రతి మొహం మీద ముడతలు లెక్కపెట్టుకోవచ్చు. ఆ మొహం ఎవరిదో మాత్రం ఎన్ని కె పెంచినా తెలియదు.

ఇలాంటి సినిమా మళ్లీ ఎవరో తీస్తారు, ఈసారి డ్రోన్లతో వస్తారు. కాబట్టి కాశీ ప్రయాణం పెట్టుకున్నవాళ్లకు నా విన్నపం. ఘాట్ మీద పెద్ద కెమెరా కనపడగానే సెల్‌ఫోన్, వాచీ సంచిలో పడేయండి. మంకీ క్యాప్ తీసేయండి, అది ఏ నాగరికతకూ చెందదు. నవ్వొద్దు. టోకెన్ల సంగతి ఎత్తొద్దు. లెన్సులోకి సూటిగా, అర నిమిషం పాటు రెప్ప వేయకుండా చూడండి. కంట్లో పొగ పడి నీళ్లు వస్తే ఇంకా మంచిది, తుడుచుకోకండి. ఇదంతా చేసినందుకు డబ్బులేమైనా ఇస్తారా అని అడగాలనిపిస్తే, అది కూడా కళ్లతోనే అడగండి. దానికి తగ్గ వేణువు వాళ్లు వేసుకుంటారు.