కప్పు మీది ఏసీ దొరవారికి అర్జీ

మహారాజశ్రీ ఆర్‌వీ (అంటే లోపలే కాపురం ఉండే ఇల్లులాంటి బండి) కప్పెక్కి కూర్చున్న ఏసీ దొరవారి సముఖానికి, తమరి కిందే కాపురం ఉంటున్న బండి యజమాని రాసుకున్న అర్జీ.

అయ్యా, తమరు 13,500 బీటీయూల (చల్లబరిచే సత్తాకు కొలత) వారు. క్యాంప్‌గ్రౌండ్‌లో కరెంటు స్తంభానికి తీగ తగిలించి ఉన్నన్నాళ్లూ తమరంత సాధువు లేరు. స్తంభం కనపడని ఎడారిలో బండి ఆపి, స్వేచ్ఛ అంటే ఇదీ అని కాళ్లు చాపుకున్న రాత్రే తమరి ఆకలి బయటపడుతుంది.

నడుస్తున్నప్పుడు తమరికి సుమారు 1,500 వాట్లు కావాలి. రాత్రంతా ఆగుతూ సాగుతూ కంప్రెసర్ సగం సేపే తిరిగిందనుకున్నా, 8 గంటలకు 6 యూనిట్లు. 100 ఆంపియర్ అవర్ల 12 వోల్టుల లిథియం బ్యాటరీలో ఉండేది యూనిట్టుంబావు. మధ్యలో ఇన్వర్టర్ తన దస్తూరీ తాను పట్టుకుంటుంది. వెరసి, తమరి ఒక్క రాత్రి భోజనానికి ఐదారు బ్యాటరీలు. పాత లెడ్ యాసిడ్ రకమైతే సగానికి మించి వాడకూడదు గనక ఆ సంఖ్య రెట్టింపు, ఒక్కోటి సుమారు 30 కిలోలు. బండి మోస్తున్నది మమ్మల్నా, తమరి వంటసామాన్నా?

ఇక తమరు నిద్ర లేచే వైభోగం. కంప్రెసర్ కదిలే ఆ రెప్పపాటులో మామూలుకు ఎన్నో రెట్లు కరెంటు లాగుతారు. 2,000 వాట్ల చిన్న జనరేటర్ ఆ దెబ్బకు తరచూ చేతులెత్తేస్తుంది. అందుకని తమరిని మెల్లగా లేపడానికి సాఫ్ట్ స్టార్టర్ అనే నౌకరును వేరే పెట్టాలి.

పోనీ ఆ జనరేటర్‌నే రాత్రంతా నడుపుదామంటే, అమెరికా జాతీయ పార్కుల్లో రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా అనవసరపు మోత నేరం. (వేళాకోళం పక్కనపెట్టి ఒక్కమాట: ఎగ్జాస్ట్‌లోని కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా లేవు. నిద్రలో ఉన్నవాణ్ణి నిద్రలోనే తీసుకుపోతుంది. దాన్ని పసిగట్టే అలారం పనిచేయని బండిలో జనరేటర్ పెట్టుకుని పడుకోవడం నాకు నచ్చదు.)

సోలార్ సంగతి మీరే సెలవివ్వాలి. 400 వాట్ల పలకలు మంచి ఎండలో రోజంతా కాగినా వచ్చేది రెండు యూనిట్ల చుట్టుపక్కలే. ఆ కాస్తా పట్టుకుందామంటే కప్పు నడిమధ్య తమరే బైఠాయించారు. పైగా పక్క పలకల మీద తమరి నీడ! తమరికి వండిపెట్టే పొయ్యి మీద తమరే నీళ్లు చల్లుతున్నారు.

తమరిని మాత్రమే అని లాభం లేదని ఒప్పుకుంటాను. రెండంగుళాల గోడలు, పలుచని అద్దాలు, ఎండను నేరుగా లోపలికి దించే కప్పు కిటికీ. ఈ పెట్టెలో తమరు పోసిన చల్లదనం పోసినట్టే కారిపోతుంది. అద్దాలకు వెండిరంగు అట్టలు అడ్డం పెట్టి, సాయంత్రం జనరేటర్ మీదే బండిని బాగా చల్లబరిచి, రాత్రికి పడకగది మేరకు తెర దించుకుంటే తమరి పద్దు కొంత తగ్గుతుంది. కంప్రెసర్ వేగాన్ని అవసరానికి తగ్గించుకునే కొత్తరకం దాయాదులు తమరి వంశంలోనే ఉన్నారట. లేచేటప్పుడు ఇల్లు అదరగొట్టరట.

అసలు బండికి చక్రాలున్నాయి గదా, కొండెక్కితే? కిలోమీటరు ఎత్తుకు సుమారు 6 డిగ్రీలు తగ్గుతుంది. అక్కడ 30, 40 వాట్ల కప్పు ఫ్యాను చాలు. సముద్రం పక్క ఉక్కపోతలో అది సరిపోదనీ, అప్పుడు తమరి కాళ్లే గతనీ నాకూ తెలుసు. అందుకే ఇది రాజీనామా లేఖ కాకుండా అర్జీగానే ఉంది.

ఒక్క మనవి. తమరు కూర్చున్న కన్నం 14 అంగుళాలకు 14 అంగుళాలు. ఫ్యానుకు కావాల్సిందీ సరిగ్గా అంతే. నిన్న టేపు పెట్టి కొలిచాను. ఊరికే, తమరి సమాచారం కోసం.

ఇట్లు,
చెమటతో,
తమరి కింద అద్దెకున్న యజమాని