ఖాళీ గోదాములో కొలిచిన సిగ్నల్ చెల్లదు

చిత్తూరు చుట్టుపక్కల మామిడి గుజ్జు ఫ్యాక్టరీల్లో వైర్‌లెస్ ఉష్ణోగ్రత సెన్సర్లు పెట్టడం మంచిదే. పెట్టే తీరుతోనే నా పేచీ. బిగించేవాళ్ళు ఫిబ్రవరిలో వస్తారు. అప్పుడు గోదాము బోసిగా ఉంటుంది. నిచ్చెన వేసి నాలుగు మూలలా సెన్సర్ డబ్బాలు బిగించి, ఫోన్లో సిగ్నల్ గీతలు చూపించి, సంతకం పెట్టించుకుని వెళ్ళిపోతారు. జూన్‌లో తోతాపురి దిగుతుంది, గోదాము గుజ్జు డ్రమ్ములతో నిండిపోతుంది.

ఒకచోట నా కళ్ళతో చూశాను. తలుపు పక్కన మోకాలెత్తులో సెన్సర్, దాని ముందు ఇనుప డ్రమ్ములు రెండు వరుసలు. గుజ్జులో ఎక్కువ భాగం నీళ్ళే. రేడియో తరంగాన్ని ఇనుము వెనక్కి కొడుతుంది, నీళ్ళు మింగేస్తాయి. సిగ్నల్ 10 డెసిబెల్స్ పడితే బలం పదో వంతుకొస్తుంది, 20 పడితే నూరో వంతుకు. ఆ సెన్సర్ మూడు రోజులుగా మూగబోయింది. స్క్రీన్ మీద మాత్రం పాత అంకె అలాగే వెలుగుతోంది. అది చూసి సూపర్‌వైజర్ నిశ్చింతగా ఉన్నాడు. నాకు భయమేసింది అక్కడే.

డబ్బాను డ్రమ్ముల ఎత్తుకు పైన పెట్టాలి. అయితే రేకుల కింద గాలి వేడిగా ఉంటుంది, రీడింగు తప్పుతుంది. అందుకే డబ్బా పైన, కొలిచే ప్రోబు వైరుతో కిందికి. ఈ సెన్సర్లు వాడే 2.4 గిగాహెర్ట్జ్ రేడియో తరంగం పొడవు 12.5 సెంటీమీటర్లే. గోడలకు తగిలి తిరిగొచ్చిన తరంగాలు ఒకచోట ఒకదాన్నొకటి చంపుకుంటాయి, బెత్తెడు జరిపితే బలపడతాయి. కాబట్టి ముందు టేపుతో అంటించి, సరుకు నిండాక రెండు రోజులు చూసి, అప్పుడు డ్రిల్లు పట్టాలి. ఇనుప రేకు ప్యానెళ్ళ కోల్డ్ రూమైతే గేట్‌వే (సెన్సర్ల రీడింగులు అందుకుని బయటికి పంపే పెట్టె) యాంటెన్నా లోపలికి రావాల్సిందే.

మెష్ నెట్‌వర్క్ ఉంది, అంటే ఒక పరికరం సందేశాన్ని ఇంకొకటి అందుకుని ముందుకు పంపుతుంది, దారి అదే వెతుక్కుంటుందని అమ్మేవాళ్ళంటారు. జిగ్‌బీ అనే వైర్‌లెస్ పద్ధతిలో బ్యాటరీ సెన్సర్లు పక్కవాటి సందేశాన్ని మోయవు, నిద్రపోతాయి. మోసేది కరెంటు మీద నడిచే రూటరే. అది డ్రమ్ముల వెనక ఉంటే మెష్ ఏం చేస్తుంది?

అసలు జబ్బు కొటేషన్‌లోనే ఉంది. సెన్సర్లు ఇన్ని, గేట్‌వే ఒకటి, బిగింపు ఖర్చు ఇంత. చోటు చూసి, నడిచి, కొలిచే పనికి అందులో ఒక్క వరుస ఉండదు. మన దగ్గర వస్తువుకు రేటుంది, పనితనానికి లేదు. బోరు మోటారుకు వేలు పోస్తాం, పాయింటు చూసినవాడికి టీ ఇచ్చి పంపుతాం. ఆ గోదాములో హమాలీ మేస్త్రీని అడిగితే ఒక్క ముక్కలో చెప్పాడు: "సీజన్లో ఈ గోడే కనపడదు సార్." బిగించే రోజు ఆయన్ని ఎవరూ పిలవలేదు.

యజమానులకు నేను చెప్పేదొకటే. సర్వేకు విడిగా డబ్బు కట్టండి, ఆ రోజు మేస్త్రీని పక్కన నిలబెట్టండి. బిల్లులో చివరి వాయిదా జూన్ రీడింగులు చూశాకే ఇవ్వండి.