సీట్ల గురించి అడగలేక పార్కింగ్ గురించి

ఇంగ్లండ్‌లో తమ వీధిలోకి కొత్త స్కూల్ వస్తోందని చాలామందికి తెలిసేది కరెంటు స్తంభానికి కట్టిన కాగితం చూశాకే. వానకు తడవకుండా ప్లాస్టిక్ కవర్లో పెట్టి కట్టేస్తారు. అందులో దరఖాస్తు నంబరు, స్థలం చిరునామా, అభిప్రాయాలు పంపడానికి 21 రోజుల గడువు ఉంటాయి. వచ్చేది ఏదో ఒక మతానికి చెందిన ఫెయిత్ స్కూల్ అయితే, అనుమతి ఇచ్చే స్థానిక కౌన్సిల్‌కు ఉత్తరాలు కుప్పలుగా వచ్చి పడతాయి. ట్రాఫిక్, పార్కింగ్, పిల్లల గోల, పోయే ఆటస్థలం, వాటిలో ఎక్కువగా కనిపించేవి ఇవే. మతం మాట, సీట్లు ఎవరికన్న మాట చాలా తక్కువ.

ఆ మాట మనసులో లేక కాదు, రాసినా చెల్లదు కాబట్టి. 1990 నాటి ప్లానింగ్ చట్టం చూసేది భూమిని దేనికి వాడుతున్నారన్నదే. ఆ భవనంలో పిల్లలు ఏ ప్రార్థన చేస్తారన్నది దాని లెక్కలోకి రాదు. పైగా 2020 సెప్టెంబరు నుంచి స్కూళ్లూ ప్రార్థనా మందిరాలూ ఎఫ్1 అనే ఒకే వినియోగ తరగతిలో ఉన్నాయి. 2011లో ప్రభుత్వం ఇచ్చిన విధాన ప్రకటన ప్రకారం ప్రభుత్వ నిధులతో వచ్చే స్కూళ్ల వైపే మొగ్గు చూపాలి కూడా. ఈ పరిధిలోనే కౌన్సిలర్లు తీర్పు చెప్పాలి. అడగడానికి వీల్లేని ప్రశ్నను వాళ్ల నెత్తిన పెట్టి, జవాబు మాత్రం పార్కింగ్ భాషలో చెప్పమంటున్నాం. అసలు చిక్కు ఇదే.

అయితే అడ్మిషన్లు వేరు, ట్రాఫిక్ వేరు అన్న ఈ విభజనే తప్పని నా అభిప్రాయం. ఇంటికి ఎంత దగ్గరన్న లెక్కన సీట్లిచ్చే ప్రైమరీ స్కూల్‌కు చుట్టుపక్కల నాలుగు వీధుల పిల్లలు నడిచి వస్తారు. మతాన్ని బట్టి సీట్లిచ్చే స్కూల్‌కు, ముఖ్యంగా సంఖ్య తక్కువగా ఉన్న సమాజం పెట్టుకున్న స్కూల్‌కు, మూడు నాలుగు ఊళ్ల అవతల నుంచి కూడా వస్తారు. ఆరేళ్ల పిల్లను అంత దూరం నుంచి తీసుకురావాలంటే తల్లిదండ్రులకు కారే గతి. ఉదయం తొమ్మిదికి పావు తక్కువకు అలాంటి స్కూల్ గేటు దగ్గర నిలబడి చూడండి. కార్లు రెండు చక్రాలు ఫుట్‌పాత్ మీదకెక్కించి ఆగి ఉంటాయి. చంటిపిల్ల బండి తోసుకుంటూ వచ్చే తల్లి పక్కన సందు దొరక్క రోడ్డు మీదకు దిగుతుంది. ఆ సందు ఎంత ఉండాలన్నది నిజానికి అడ్మిషన్ పాలసీ రాసిన రోజే తేలిపోయింది. ఆ పాలసీ రాసినవాళ్లెవరూ ఈ వీధిని చూసి రాయలేదు.

మరి ఆ పాలసీ ఎక్కడ తేలుతుంది? స్కూల్ ఏ రకమో తేల్చే చోట. 2010 తర్వాత వచ్చిన, ప్రభుత్వ నిధులతోనే అయినా కౌన్సిల్ అజమాయిషీ లేకుండా నడిచే ఫ్రీ స్కూళ్లకు, దరఖాస్తులు సీట్లను మించితే, మతం ప్రకారం సగం సీట్లే ఇవ్వాలన్న పరిమితి పెట్టారు. ప్రభుత్వ నిధులతో మత సంస్థలు నడిపే వాలంటరీ ఎయిడెడ్ స్కూళ్లకు ఆ పరిమితి లేదు, అవసరమైతే సీట్లన్నీ మతం ప్రకారమే నింపుకోవచ్చు. భవనాల ఖర్చులో ఆ సంస్థలు పెట్టుకోవలసింది మాత్రం మామూలుగా పదో వంతే. మా మతం పిల్లవాడివి కాబట్టే నీకు సీటు లేదని చెప్పాల్సివచ్చే ఈ సగం సీట్ల నిబంధనకు మేం ఒప్పుకోలేమని క్యాథలిక్ చర్చి మొదటి నుంచీ ఫ్రీ స్కూళ్లకు దూరంగా ఉంది. అందుకే లండన్‌లోని రిచ్‌మండ్‌లో వాలంటరీ ఎయిడెడ్ దారి పట్టింది. కొత్త స్కూల్ అవసరమైతే ముందు అకాడమీ (ఫ్రీ స్కూళ్లలాగే కౌన్సిల్ అజమాయిషీ లేని స్కూల్) ప్రతిపాదనలు పిలవాలన్న 2011 చట్టాన్ని కౌన్సిల్ పక్కన పెట్టిందంటూ స్థానిక ఉద్యమకారులు, మతం లేనివాళ్ల తరఫున పనిచేసే బ్రిటిష్ హ్యూమనిస్ట్ అసోసియేషన్ హైకోర్టుకు వెళ్లారు. 2012లో ఓడిపోయారు. మరుసటి ఏడాది రిచ్‌మండ్ పరిధిలోని ట్వికెన్‌హామ్‌లో ఆ స్కూల్ తెరుచుకుంది. నేనైతే ఓడినవాళ్ల పక్షమే. అందరి పన్నుతో నడిచే బడి పక్కింటి పిల్లను మతం చూసి వెనక్కి పంపకూడదు. అయినా ఆ పోరాటంలో నాకు నచ్చింది వేరే ఉంది. అడగాల్సిన ప్రశ్నను దాచకుండా, అడగాల్సిన చోటే అడిగారు.

బకింగ్‌హామ్‌షైర్‌లోని స్టోక్ పోజెస్‌లో అలా జరగలేదు. 2013లో ఒక పాత ఆఫీసు భవనంలో సిక్కు సెకండరీ స్కూల్ మొదలైంది. శబ్దం, ట్రాఫిక్ మీద ఊళ్లోవాళ్లు అభ్యంతరం చెప్పారు. వ్యవహారం ఏళ్లు సాగి మంత్రి దాకా పోయింది. ఇలాంటి చోట ఇద్దరికీ అన్యాయమే జరుగుతుంది. నిజంగా గోల గురించే బాధపడే ముసలాయనను జాత్యహంకారి అనుకుంటారు. నిజంగా పొరుగున సిక్కు పిల్లలు వద్దనుకునేవాడు డెసిబెల్ లెక్కల చాటున దాక్కుంటాడు. ఎవరు ఎవరో తేల్చే మార్గం కౌన్సిల్ ప్లానింగ్ కమిటీకి లేదు. ఆ గేటులోంచి రోజూ లోపలికి నడిచే పిల్లలు మాత్రం ప్రతి నిరసన బోర్డునూ, ప్రతి చూపునూ తమ మీదకే తీసుకుంటారు.

ఈ విషయంలో నన్ను ఇబ్బంది పెట్టే ఇంకో సంగతి ఉంది. ఇంగ్లండ్‌లో ప్రభుత్వ నిధులతో నడిచే స్కూళ్లలో దాదాపు మూడో వంతు మతపరమైనవే. వాటిలో అత్యధికం చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్‌వి, క్యాథలిక్‌లవి. చాలావాటికి స్థలాలు, భవనాలు ఎప్పుడో అమరిపోయాయి, ఇప్పుడు వాటిని ప్లానింగ్ కమిటీ ముందు నిలబెట్టి అడిగేవాళ్లు లేరు. ముస్లింలకు ప్రభుత్వ నిధుల స్కూల్ మొదటిసారి దక్కింది 1998లో, బ్రెంట్‌లో. సిక్కులకు 1999లో హేస్‌లో, హిందువులకు 2008లో హారోలో. ఆలస్యంగా వచ్చినవాళ్లకు ఖాళీ స్థలం దొరకదు, దొరికినచోట ఇరుకు. కాబట్టి మతం ప్రకారం సీట్లు వద్దనే నాలాంటివాళ్లు ఆ మాట పాత చర్చి స్కూళ్లకూ చెప్పాలి. కొత్తవాటి దగ్గర మాత్రమే గొంతు లేస్తే అది సూత్రం అనిపించుకోదు.

చేయగలిగింది ఏమీ లేదనుకోను. ఫ్రీ స్కూళ్ల కోసం స్థలాలు కొనడానికి 2017లో లొకేటెడ్ అనే ప్రభుత్వ సంస్థనే పెట్టారు. స్థలం కొన్నాక వెనక్కి తగ్గడం ఎవరికైనా కష్టం. అందుకని కొనేముందే అడ్మిషన్ పాలసీని, పిల్లలు ఏ ప్రాంతాల నుంచి వస్తారన్న మ్యాపును జనం ముందు పెట్టాలి. మతం గురించి కౌన్సిలర్లు అడగలేకపోవచ్చు గానీ, ఎంతమంది ఎంత దూరం నుంచి కారులో వస్తారని అడిగే హక్కు వాళ్లకుంది. చాలా కౌన్సిళ్లలో అభ్యంతరం చెప్పే మనిషికి ఇచ్చేది మూడు నిమిషాలే. ఆ మూడు నిమిషాలూ పార్కింగ్ గీతలకు ఖర్చుపెట్టకుండా, ఆ మ్యాపు బల్ల మీద పెట్టమని అడగొచ్చు.