‘ఇల్లు బాగుంది’ అర్థమైనవాళ్లకు ‘చార్ట్స్ బాగున్నాయి’ ఎందుకు అర్థం కాదు?

సంబంధం చూసొచ్చిన పెద్దమ్మను “అబ్బాయి ఎలా ఉన్నాడు?” అని అడిగితే “ఇల్లు చాలా బాగుందే” అందనుకోండి. ఇక ఇంట్లో ఎవరూ రెండో ప్రశ్న వేయరు. అదే ఇంటి అమ్మాయి ఆఫీసు కాల్‌లో “హౌ వాజ్ మై రిపోర్ట్?” అని అడుగుతుంది. “వెల్, ద చార్ట్స్ లుక్ నైస్” అని జవాబొస్తే థాంక్స్ చెప్పి, ఆ రిపోర్టును ఒక్క అక్షరం దిద్దకుండా పంపేస్తుంది.

లోపం మన పాఠాల్లో ఉంది. పాఠ్యపుస్తకంలోని సంభాషణల్లో ప్రతి ప్రశ్నకూ సూటిగా జవాబొస్తుంది. పరీక్షలో జవాబు పేరాలోనే దొరుకుతుంది. పదేళ్లు అలా చదివినవాళ్లు ఇంగ్లిష్ వింటే మాటలనే పట్టుకుంటారు, మాట వెనక ఏముందో చూడరు.

మాట వెనక అర్థం ఎలా తడుతుందో భాషా తత్వవేత్త పాల్ గ్రైస్ 1967లో హార్వర్డ్ ఉపన్యాసాల్లో విడమరిచాడు. జవాబు పక్కదారి పట్టినట్టుంటే, ఏదో సంబంధం ఉండే ఉంటుందని వినేవాడు వెతుక్కుంటాడు. మనకిది కొత్తేమీ కాదు. “గోదావరి ఒడ్డు పొదల్లోని సింహం మిమ్మల్ని భయపెట్టే ఆ కుక్కను చంపేసింది, ఇక నిర్భయంగా తిరగండి స్వామీ” అనే గాథాసప్తశతి పద్యాన్ని అలంకారికుడు ఆనందవర్ధనుడు 9వ శతాబ్దంలోనే ధ్వనికి, అంటే మాట వెనక స్ఫురించే అర్థానికి, ఉదాహరణగా చూపాడు. పైకి తిరగమనడం, లోపల ఇటు రావద్దనడం.

ఇలినాయ్ విశ్వవిద్యాలయంలో లారెన్స్ బౌటన్ విదేశీ విద్యార్థుల మీద చేసిన పరిశోధనలు టీచర్లకు బాగా పనికొస్తాయి. చార్టులను మెచ్చుకుని మిగతా రిపోర్టు ఊసెత్తకపోవడం లాంటి, ఎప్పుడూ ఒకే అచ్చులో వచ్చే పరోక్ష జవాబులు కొద్ది గంటల బోధనతోనే పట్టుబడ్డాయి. సందర్భాన్ని బట్టి పుట్టే రకాలకు క్లాసు అంతగా ఉపయోగపడలేదు. అందుకే మొదటి రకంతో మొదలుపెట్టాలి.

ఒక పీరియడ్‌కి అర నిమిషం ఆడియో చాలు. మొదటిసారి విన్నప్పుడు వాళ్లిద్దరూ ఒకరికొకరు ఏమవుతారో చెప్పించండి. రెండోసారి ప్రశ్న, జవాబు మాత్రమే రాయించండి. మూడోసారి జవాబు ఎక్కడ పక్కకు జరిగిందో గీత గీయించి, మనింట్లో అయితే ఎలా అంటామో తెలుగులో అడగండి. తర్వాత జవాబును అలాగే ఉంచి ప్రశ్న మార్చండి. “ఇట్స్ టెన్ ఓ క్లాక్” అన్నది “ఇంకో సినిమా పెట్టనా?” అంటే వద్దని. “షాపు తెరిచుంటుందా?” అన్నప్పుడు రాత్రయితే మూసేశారని, పొద్దునయితే తెరిచారని. చివరగా “చార్ట్స్ లుక్ నైస్” పక్కన “అండ్ ద రెస్ట్ ఈజ్ ఈవెన్ బెటర్” చేర్చమనండి. విమర్శ అక్కడికక్కడే మాయమవుతుంది. అలా మాయం చేయగలిగితే అది అన్న మాట కాదు, మనం ఊహించుకున్నదని పిల్లలకే తెలుస్తుంది.

ఈ పాఠాన్ని బోర్డు మీద రాసి చెబితే సగం పోతుంది. ‘నైస్’ దగ్గర గొంతు దిగి మళ్లీ లేస్తే, వెనకాల ఒక ‘కానీ’ ఉందన్నమాట. అది అక్షరాల్లో కనబడదు. ఇంకా పెద్ద పొరపాటు, ‘ఇంట్రెస్టింగ్ అంటే నచ్చలేదని’ అంటూ పట్టిక ఇచ్చి బట్టీ పట్టించడం. ఆ పిల్లలు నిజమైన మెప్పును కూడా అనుమానిస్తారు. మాట్లాడేటప్పుడూ ఇదే తంటా. మనం ‘చూద్దాం’ అనుకుంటూ “ఐ విల్ ట్రై” అంటాం, అమెరికాలో వినేవాడు దాన్ని ఒప్పుకోలుగా రాసుకుంటాడు.

తెలంగాణ ఇంటర్‌లో ఇంగ్లిష్‌కి 20 మార్కుల ప్రాక్టికల్స్ ఉన్నాయి. అందులో ఐదు దీనికి కేటాయించాలి. విద్యార్థి చెప్పిన అర్థానికి రెండే వేసి, ఆ అర్థం ఏ మాట వల్ల, ఏ స్వరం వల్ల తట్టిందో చూపించినందుకు మూడు వేయాలి.