సవరణ: దుంగల ఇళ్లు అమెరికాకు ఎవరితో వచ్చాయి?

పాత దుంగల ఇళ్ల గురించి ఇదివరకు రాసినప్పుడు, ఆ పద్ధతిని అమెరికాకు తెచ్చింది ఇంగ్లండు నుంచి వచ్చిన తొలి వలసదారులని చెప్పాను. అది తప్పు. వలసకాలపు కట్టడాలను పరిశీలించిన చరిత్రకారులు చెప్పేది వేరు. 1620లో అమెరికా తీరంలోని ప్లిమత్‌లో దిగిన ఇంగ్లిషువారు తమకు అలవాటైనట్టే చెక్క చట్రం నిలబెట్టి, పలకలు బిగించి ఇళ్లు కట్టుకున్నారు. దుంగ మీద దుంగ పేర్చే విద్య, 1638లో డెలావేర్ నది ఒడ్డున మొదలైన న్యూ స్వీడన్ వలసకు చేరిన స్వీడన్, ఫిన్లాండ్ వారితో వచ్చింది.

ఇంకొక మాట. మూలల్లో మేకులు ఉండవని రాస్తే, ఇనుము కొరత వల్ల అలా చేశారని కొందరు అర్థం చేసుకున్నారు. కానీ అసలు బలం, మూల దగ్గర దుంగల కొసలు ఒకదానిలో ఒకటి ఇమిడేలా కోసే ఆ కోతలోనే ఉంది. మంచి పనివాడు కోసిన మూలను దగ్గరగా చూడండి: దుంగ కొస చివర వెడల్పుగా, లోపలివైపు సన్నగా ఉంటుంది, దాని ముఖాలు బయటికి వాలి ఉంటాయి. పై దుంగల బరువే కింది వాటిని బిగించి పడుతుంది, వాన నీరు నిలవకుండా బయటికి జారిపోతుంది. గొడ్డలితో ఆ వాలు తేల్చాలంటే ఎంత నిదానం, ఎంత చూపు కావాలో! పైగా పచ్చి దుంగలు ఎండి కుంచించుకుపోయేటప్పుడు గోడ మొత్తం మెల్లగా కిందికి సర్దుకోవాలి. మేకులు కొడితే అది కుదరదు.